మూడు చుక్కల అతుకు

ఇదంతా మొదలైంది 1988 మార్చి 14, సోమవారం, ఉదయం పదకొండు గంటల ఇరవై నిమిషాలకు. నిమిషాలు కూడా గుర్తుంటాయా అని నవ్వేవాళ్లు నవ్వవచ్చు. ఆ రోజు గోడ గడియారం వైపు చూసింది నేనే, సాయంత్రం రాసుకున్నదీ నేనే. ఇన్నేళ్ల తరువాత ఆ కాగితం మళ్లీ తీయడానికి కారణం ఒక వాసన. కోరుట్లలో మా ఇంటికి ఎదురుగా ఈ మధ్య గేట్లు, కిటికీ ఊచలు చేసే దుకాణం పెట్టారు. పొద్దున తలుపు తీస్తే కాలిన వెల్డింగ్ రాడ్డు వాసన నేరుగా ఇంట్లోకి వస్తుంది. కాస్త చేదు, కాస్త కాలిన సున్నం లాంటిది. అది తగలగానే నా కుడిచేతి వేళ్లు వాటంతట అవే దగ్గరకు ముడుచుకుంటాయి. నాకిప్పుడు డెబ్బై ఆరేళ్లు. ఆ వేళ్లు హోల్డర్ పట్టుకోవడం మానేసి చాలాకాలమైంది. వాటికి ఆ పని నేర్పిన మనిషి సిరిసిల్ల మార్కండయ్య. మీలో ఎవరూ ఆయనను చూసి ఉండరు. చూసినవాళ్లు కూడా ఆయన పేరు ఎత్తడం చాలాకాలం క్రితమే మానేశారు.

మార్చి 14న జరిగింది ఇది. మా ఆయన గంగాధర్ ఇంటి ముందరి రేకుల కింద జీపులు, ఆటోలు బాగుచేసేవాడు. ఆ ఉదయం ఒక జీపును ఎత్తి ఇనుప స్టాండు మీద నిలబెట్టి కింద చెయ్యి పెట్టాడు. స్టాండు కాలు అతికిన చోట ఊడింది. కుడిచేతి మూడు వేళ్లు పోయాయి. చూపుడువేలు, నడిమివేలు, ఉంగరపు వేలు. సాయంత్రం దవాఖాన నుంచి వచ్చి నేను నేల కడుగుతుంటే ఆ విరిగిన కాలు చేతికి దొరికింది. అతుకు ఎక్కడా చిట్లలేదు. సుద్ద రాలినట్టు మొత్తం పొరగా లేచి వచ్చింది.

"ఎవలు అతికిండ్రు దీన్ని?" అని అడిగాను.

"జగిత్యాల్ల చేపిచ్చిన."

"ఏ దుకాణంల?"

"యాదికి లేదు. పైసలు తక్కువంటె పోయిన." ముఖం అటు తిప్పుకుని, "గిప్పుడు తెలుసుకోని ఏం జేస్తవు?" అన్నాడు.

ఏం చేస్తానో నాకూ తెలియదు. కానీ ఒక మనిషి మూడు వేళ్లు పోయాక, అది ఎవరి పనో తెలియకపోవడం నాకు మింగుడుపడలేదు. ఆ విరిగిన కాలు, స్టాండు ముక్క సంచిలో వేసుకుని జగిత్యాల వెళ్లాను. మూడు దుకాణాలు తిరిగాను. ముగ్గురూ మాది కాదన్నారు. ఒకతను మాత్రం మర్యాదగానే చెప్పాడు. "అతుకుకు పేరుంటదా అమ్మా? ఇరిగినంక అందరివి ఒక్క తీర్గనే ఉంటయి." పాత ఇనుము కొనే ఒక ముసలాయన నా సంచిలోకి తొంగిచూసి, "పేరున్న అతుకు కావాల్నంటే సిరిసిల్లకు పో. మార్కండయ్యని అడుగు. ఆయన పని మీద ఆయన గుర్తుంటది" అన్నాడు.

ఏప్రిల్ 6, బుధవారం, రెండు బస్సులు మారి సిరిసిల్ల చేరాను. సాంచాల, అంటే మరమగ్గాల, వాడలో రెండు షెడ్ల నడుమ ఇరికించినట్టు ఉండేది ఆయన షెడ్డు. సాంచాల మోతలో మనిషి మాట మనిషికి వినబడదు. ఆయనకు అప్పటికి అరవై రెండేళ్లు. సన్నని మనిషి. ఒక కనుబొమ్మ నిప్పురవ్వలకు సగం కాలిపోయి ఉండేది. చేమగ్గం నేసే ఇంట్లో పుట్టి, సాంచాలు వచ్చాక వాటి ఇరుసులు విరిగితే అతికే పనిలోకి దిగాడట. నేను సంచిలోంచి ముక్కలు తీసి ముందు పెట్టాను. ఆయన అద్దాలు పెట్టుకుని ఎండలోకి తీసుకుపోయి తిప్పి చూశాడు.

"ఇది అతుకు కాదు బిడ్డా. మీద పూత. ఇనుము కరగనే లేదు." తరువాత అడిగాడు. "ఎవలకన్న దెబ్బ తాకిందా?"

చెప్పాను. ఆయన నా వైపు చూడలేదు. ముక్కను చాలాసేపు చూశాడు. ఆ తరువాత లోపలినుంచి ఒక సాంచ ఇరుసు తెచ్చి చూపించాడు. అతుకు చివర, రాడ్డు కొనతో పెట్టిన మూడు చిన్న చుక్కలు, వరుసగా, జొన్నగింజల్లా ఉన్నాయి.

"మా నాయిన చీర నేసి కోసేముందు అంచు కొసకు మూడు ఎర్ర పోగులు ఏస్తుండె. సావుకారి దగ్గర నూరు చీరలు కలిసినా, చినిగితే ఎవలదో తెలుస్తది. నాకు పోగుల్లేవు, చుక్కలున్నయి. చుక్కలున్నది ఇరిగితే తీసుకరా అంట. పైస తీసుకోను. ఇరవై మూడేండ్లల్ల ఆరు అచ్చినయి."

"ఆరేనా?"

"ఆరు అచ్చినయని నేను సిగ్గుపడుతున్న. నువ్వు ఆరేనా అంటున్నవు."

ఆ మాటతో నేను ఆయన మనిషినైపోయాను. నాకు లెక్క చూసుకునే మనుషులంటే ఇష్టం. లెక్కలో తన తప్పులు మొదట రాసుకునేవాళ్లంటే మరీ ఇష్టం.

అసలు అడగవలసింది అప్పుడు అడిగాను. మా ఆయనకు పని తెలుసు, చెయ్యి లేదు. నాకు రెండు చేతులున్నాయి. ఇంట్లోనే ఒక వెల్డింగ్ మిషన్ ఉంటే, సైలెన్సర్ చిల్లులు, ఛాసిస్ పగుళ్లు, సీటు ఊచలు మేమే చూసుకోగలం. ప్రతి చిన్న అతుకుకు జగిత్యాల మోసుకుపోతే రోజు పోతుంది. ఇద్దరు ఆడపిల్లలు, ఒకరికి పద్నాలుగు, ఒకరికి పదకొండు. నా కడియాలు అమ్మగా, చీటీ ఎత్తగా వచ్చినవి మొత్తం మూడు వేల నూట యాభై. అంతకు మించి రూపాయి లేదు.

"గంగాధర్ ఒప్పుకున్నడా?"

"ఇంకా చెప్పలేదు కాకా."

ఆయన మొదటిసారి నవ్వాడు. "అయితె మిషన్ కన్నా ముందుగాల ఇంట్ల మాట అతుకు. గది ఊడితే నా దగ్గరికి తేకు."

ఆ రాత్రే గంగాధర్‌కు చెప్పి ఒప్పించాను. ఆ తరువాత ఆరు వారాలు ముగ్గురం మిషన్ వెతికాం. మొదటిది జగిత్యాలలో చూశాం. పచ్చరంగు వేసిన పెద్ద డబ్బా, చక్రాలు, ముందు మెరిసే పలక మీద మూడు వందల ఆంపియర్లని రాసి ఉంది. గంగాధర్ కళ్లు దాని మీదే ఉన్నాయి. మార్కండయ్య కాక దాని దగ్గరికే పోలేదు. "మీ ఇంటి మీటరు దాకా అచ్చిన తీగ ఎంత లావుంది?" అని అడిగాడు. నేను చిటికెన వేలు చూపించాను. "గా తీగల నుంచి గీ ఏనుగును తాగిపిస్తవా? వాడంతా చీకటైతది, నీ మిషన్ మూలుగుతది. పలక మీద రాసింది మిషన్ది కాదు బిడ్డా, అమ్మేటోని ఆశది." ఇంటి కరెంటుకు నడిచేది చూడాలి. జీపు, ఆటో పనికి నూట యాభై ఆంపియర్లు దాటనక్కర్లేదు. వాటి రేకు పలచన, ఎక్కువ మంట పెడితే అతుకు పడదు, చిల్లు పడుతుంది. ఇది ఆయన నేర్పిన మొదటి పాఠం.

పలచని రేకుకు నిజానికి గ్యాస్ మంచిది. అది కూడా ఆయన దాచలేదు. జగిత్యాలలోనే ఒకచోట గ్యాస్ సెట్టు, కార్బైడ్ డబ్బాతో సహా మా డబ్బుకు వచ్చేటట్టు ఉంది. గంగాధర్ బేరం మొదలుపెట్టాడు కూడా. కాక ఆయన భుజం మీద చెయ్యి వేసి బయటికి తీసుకొచ్చాడు.

"పని చూస్తే గిదే తీసుకోవాలె. గని దినాలు చూడు. ఇంట్ల కార్బైడ్ డబ్బా ఉన్నదనుకో, ఒకలు అచ్చి ఎందుకున్నదని అడుగుతరు. ఇంకొకలు అచ్చి మాకింత ఇయ్యిమని అడుగుతరు. ఇద్దరికి జవాబు చెప్పెటంత నోరు నీకున్నదా?"

మా దిక్కున అప్పుడు ఇనుము పని చేసేవాళ్ల బతుకు అలా ఉండేది. అడవిలో తుపాకులు పట్టిన అన్నలకు పనివాడు కావాలి, పోలీసులకు అన్నల పనివాడు కావాలి. పైపు ముక్క అతికించుకున్న వాడిని బోరు కోసమా, ఇంకెందుకా అని అడగాలి. అడిగితే ఒక తప్పు, అడగకపోతే ఒక తప్పు. గ్యాస్ సెట్టు వదిలేశాం. ఆ రోజు ఆయన జాగ్రత్త చూసి నాకు ధైర్యం వచ్చింది. ఇంత ముందుచూపు ఉన్న మనిషికి ఏమీ కాదనుకున్నాను.

మూడోది సిరిసిల్లలోనే, మూతబడిన ఒక సాంచాల షెడ్డులో దొరికింది. డబ్బా నిండా తుప్పు. పిడి లేదు. పలక కూడా లేదు. గంగాధర్ మొహం మాడ్చుకున్నాడు. కాక రేకు మూత విప్పించి, లోపలి తీగ మీది వార్నిష్‌ను గోరుతో గీకాడు. ఎర్రగా మెరిసింది. "చూడు. రాగి. జగిత్యాల ఏనుగు కడుపుల అల్యూమినియమే ఉంటది. డబ్బాకు తుప్పు పడితే రంగు ఏసుకోవచ్చు, తీగ కాలితే ఏడ్వాలె." ఒక పక్క ఎత్తి బరువు చూడమన్నాడు. నా వల్ల కాలేదు. "మంచిగున్నది" అన్నాడు. కరెంటు పెట్టి, వరసగా మూడు రాడ్లు కాల్చి, అరచేతి వెనుక భాగం తీగచుట్టకు ఆనించి చూశాడు. వాసన చూశాడు. "మూడు రాడ్లకు ఒకపారి చాయ్ తాగు. నీకు కాదు, మిషన్‌కు. చిన్న మిషన్ని తొందరపెట్టకుంటే పెద్ద మిషన్ అంత పని చేస్తది."

మే 19, గురువారం కొన్నాం. మిషన్ 1,850. రాగి కేబుల్ 540. హోల్డర్, ఎర్త్ క్లాంపు 110. నల్లద్దాలు రెండు, మొహానికి అడ్డం పెట్టుకునే తొడుగు 85. పన్నెండు నంబరు రాడ్లు 140. ఎర్త్ గొయ్యికి ఇనుప కడ్డీ, ఉప్పు, బొగ్గు 60. మిగిలినవి 365. ఆ మిగిలిన డబ్బుతో ఇంకాస్త పెద్ద మిషన్ వచ్చేదని గంగాధర్ గొణిగాడు. "మొత్తం పైసలు మిషన్‌కే పెట్టినోడు తెగిన కేబులు, పగిలిన అద్దంతోని పని మొదలువెడతడు. ఆర్నెల్లకు కండ్లు అమ్ముకుంటడు" అన్నాడు కాక. ఆ సాయంత్రమే మా మిషన్‌కు ఒక పిడి అతికి ఇచ్చాడు. పిడి కింద మూడు చుక్కలు పెట్టాడు.

పదకొండు గురువారాలు సిరిసిల్లకు వెళ్లి నేర్చుకున్నాను. గురువారం మా వాడకు పగలు కరెంటు ఉండేది కాదు, అందుకని. మొదటి రోజు కొంగు నడుముకు చెక్కమన్నాడు. "నిప్పురవ్వకు వావి వరుస తెల్వది." రాడ్డు ఇనుముకు అంటుకుపోతే పెరికే తొందరలో నేను హోల్డర్‌ను ఊపేస్తుంటే, "బర్రెను గుంజుతున్నవా? మణికట్టు తిప్పు, ఇడుస్తది" అనేవాడు. పాత రేకు మీద అడ్డంగా గీతలు వేయించేవాడు, గీత పక్కన గీత, సందు లేకుండా. "మగ్గం మీద పేక ఎట్ల కొడతరో గట్ల. పోగు మీద పోగు ఎక్కొద్దు, పోగుకు పోగుకు నడుమ వెలుతురు కనవడొద్దు." నల్లద్దం వెనక నుంచి చూస్తే ఏమీ అర్థమయ్యేది కాదు నాకు. కంటితో కాదు, చెవితో నేర్చుకోమన్నాడు. రాడ్డు సరిగ్గా కాలితే నూనెలో సర్వపిండి వేగినట్టు ఒకే తీరుగా చిటచిటలాడుతుంది. దూరం పెరిగితే ఉమ్మినట్టు, దగ్గరైతే గొంతు పట్టుకున్నట్టు ఉంటుంది. అంత సాంచాల మోతలో, నాకు వీపు తిప్పి కూర్చుని చాయ్ తాగుతూ, నా రాడ్డు గొంతు మారినప్పుడల్లా చెయ్యి ఎత్తేవాడు. ఒక్కసారీ పొరబడలేదు.

నాకొక లోపం ఉండేది. గీత ఎడమ దిక్కుకు కాస్త ఎక్కువ పోసేదాన్ని. ఎంత చూసుకున్నా అటే ఒరిగేది. "ఎందుకే గటు దిక్కు గంత ప్రేమ?" అనేవాడు.

నాకూ ఒక గుర్తు కావాలని అడిగింది ఎనిమిదో గురువారం. ఆయన చాయ్ గ్లాసు కింద పెట్టాడు. "నూరు అతుకులు కానియ్యి. ఇరగని నూరు. నూటొక్కటోది నీ గుర్తు తోని ఏద్దువు. ఏ గుర్తో నువ్వే అనుకో. నావి మాత్రం ముట్టకు."

ఇంటికి వచ్చి పుస్తకంలో లెక్క మొదలుపెట్టాను. ఒకటి, ఆటో వెనక బంపరు. రెండు, ఎడ్లబండి ఇరుసు పట్టీ. వాడలో ఆడవాళ్లు నన్ను మగరాయుడని పిలవడం మొదలుపెట్టారు. పిలిచినవాళ్లే గిన్నెల పిడులు ఊడితే కొంగులో దాచుకుని తెచ్చేవాళ్లు. గంగాధర్ పక్కన మోడా మీద కూర్చుని ఎక్కడ పగిలిందో ఎడమచేత్తో సుద్ద గీత గీసేవాడు. నేను అతికేదాన్ని. ఆ ఆరేడు నెలలు మేము సుఖంగా ఉన్నాం. అది కూడా లెక్కలో రాయాలి కనుక రాస్తున్నాను.

డెబ్బై ఒకటో అతుకు 1988 డిసెంబరు 5, సోమవారం, మధ్యాహ్నం మూడు గంటలకు. జీపు మల్లేశం అనే డ్రైవర్‌ది. మంగళవారం, శనివారం కొండగట్టు అంజన్న గుడికి భక్తులను తీసుకుపోయేవాడు. వెనక సీటు కింద, నేల రేకుకు అడుగున, పానాలు, సుత్తెలు పెట్టుకోవడానికి ఒక పెట్టె కావాలన్నాడు. అడుగున ఎందుకని అడిగాను. "పైన పెడితే ఎత్కపోతున్నరు వదినే" అన్నాడు. నమ్మాను. నమ్మకపోయినా చేసేదాన్నేమో. నా కళ్లు నూరు మీద ఉన్నాయి.

పని అయ్యాక పైపెంకు కొట్టి, తుడిచి చూపించాను. మంచి అతుకు. ఇప్పటికీ చెబుతాను, చాలా మంచి అతుకు. మల్లేశం వంగి చూసి పళ్లికిలించాడు.

"వదినే, గుట్ట ఎక్కేటప్పుడు గిది ఊడిపడితే అంజన్నకు మొక్కాల్నా, నీకు మొక్కాల్నా?"

"ఊడదు."

"అన్న చెయ్యి మంచిగున్నప్పుడు నేనేం అనలే. ఆడామె అతికింది ఎన్ని దినాలు ఆగుతదో ఎవలకు ఎరుక? అదే మార్కండయ్య చుక్కలుంటే, నేను నోరు తెరుస్తనా?"

గంగాధర్ తల దించుకున్నాడు. మల్లేశం ఆ మాట నన్నే అన్నాడు, కానీ తగిలింది ఆయనకు. నేను తొడుగు మళ్లీ మొహానికి అడ్డం పెట్టుకున్నాను. అతుకు చివర రాడ్డు కొనతో మూడుసార్లు తాకించాను. మూడు సెకన్లు కూడా పట్టలేదు.

"ఇగో, చుక్కలు. నోరు మూసుకో" అన్నాను. మల్లేశం నవ్వుకుంటూ పోయాడు.

జీపు మలుపు తిరిగాక గంగాధర్, "అవి ఆయనయి గదనే" అన్నాడు.

"నేర్పింది ఆయనే గదా" అన్నాను. పుస్తకంలో డెబ్బై ఒకటి అని రాశాను. చుక్కల సంగతి రాయలేదు. నా పుస్తకంలో నేను రాయకుండా వదిలింది అదొక్కటే.

1989 ఫిబ్రవరి 21, మంగళవారం, వీర్నపల్లి దారిలో పోలీసులు ఆ జీపును ఆపారు. మల్లేశం దూకి అడవిలో పడ్డాడు. పెట్టె దొరికింది. అందులో ఏముందో ఎవరికి తోచింది వాళ్లు చెప్పారు. నేను చూడలేదు కనుక రాయను. పెట్టెకు మూడు చుక్కలున్నాయి. ఆ చుక్కలు ఎవరివో సిరిసిల్ల చుట్టుపక్కల చెప్పలేనివాళ్లు లేరు.

కాకను పోలీసులు పట్టుకుపోయారని కోరుట్లలో మాకు తెలిసేసరికి గురువారం అయింది. శనివారం ఉదయం నేను బయలుదేరాను. గంగాధర్ గడప దగ్గర అడ్డం నిలబడ్డాడు. "పొల్లగాండ్లను చూసి పో" అన్నాడు. చూశాను. ఒకతె జడ వేసుకుంటోంది, ఒకతె లెక్కలు చేసుకుంటోంది. చూసే వెళ్లాను.

కాక ఇల్లు తంగళ్లపల్లిలో. ఆయన భార్య లచ్చవ్వ వాకిట్లో కూర్చుని ఉంది. నన్ను చూసి ఏడవలేదు. జరిగింది జరిగినట్టు చెప్పింది.

"జీబు తెచ్చి షెడ్డు ముంగట నిలవెట్టిండ్రు. కిందికి వంగి చూడుమన్నరు. వంగిండు. వేలు పెట్టి అతుకు మీద గిట్ల రాసిండు, ఈ కొసనుంచి ఆ కొసదాక. మల్లొకపారి రాసిండు. ఎవనిది రా గిది అని అడిగిండ్రు. నాదే సారూ అన్నడు." లచ్చవ్వ కొంగు సర్దుకుంది. "గక్కడికే ఊకుంటే అయిపోతుండె. 'నాదే సారూ, ఇరిగిందా?' అని అడిగిండు. ఎగతాళి చేస్తున్నడనుకున్నరు బిడ్డా. ఆయనకు ఎగతాళి రాదని వాళ్లకేం ఎరుక?"

నేను చెప్పడానికే వచ్చాను. ఆ చుక్కలు పెట్టింది నేనని, ఆయన వేలు ఈ కొస నుంచి ఆ కొస దాకా రాసినప్పుడు ఎడమ దిక్కుకు ఒరిగిన గీత తగిలి ఉంటుందని. మాటలు నోట్లోనే ఉన్నాయి. లచ్చవ్వ నాకు మంచినీళ్లు ఇచ్చింది. తాగాను. "ఇంటికి పో బిడ్డా, అచ్చినోళ్ల పేర్లు రాసుకుంటున్నరు" అంది. లేచాను.

ఆయనను ఉంచిన ఠాణా ఏ ఊళ్లో ఉందో ఇక్కడ రాయను. నా బస్సు ఆ ఠాణా ముందు నుంచే పోతుంది. అక్కడ దిగాను. పన్నెండు నలభై నుంచి ఒకటి ఇరవై ఐదు దాకా రోడ్డుకు ఇవతల పక్క నిలబడ్డాను. గేటు దాకా ముప్పై నాలుగు అడుగులు ఉంటుంది. మధ్యలో ఒక సోడా బండి. నాకు కారణాలున్నాయి. ఇద్దరు పిల్లలు, చెయ్యి లేని మొగుడు, ఆడదాన్ని కావడం, ఆ రోజుల్లో లోపలికి పోయినవాళ్లు ఎలా తిరిగివచ్చేవాళ్లో తెలిసి ఉండడం. ఒక్కటీ అబద్ధపు కారణం కాదు. అన్నీ కలిపి ఎన్నిసార్లు కూడినా ముప్పై నాలుగు అడుగులకు సరిపోలేదు. ఒకటిన్నర బస్సు ఎక్కాను.

పంతొమ్మిదో రోజున, మార్చి 12, ఆదివారం ఆయనను వదిలేశారు. కుడి మణికట్టు వంకరగా అతుక్కుంది. ఎడమచేతి రెండు వేళ్లు ముడుచుకోవు. రెండు చేతులూ వణికేవి. చాయ్ గ్లాసు లచ్చవ్వ పట్టుకుంటే తాగేవాడట. ఇవన్నీ నేను చూసినవి కావు, విన్నవి. నేను వెళ్లలేదు.

ఆ నెలలోనే సిరిసిల్లలో జనం ఆకురాళ్లు తీశారు. సాంచ ఇరుసుల మీద, నీళ్ల బండ్ల మీద, సైకిళ్ల మీద, తలుపు గొళ్లేల మీద ఎక్కడెక్కడ మూడు చుక్కలున్నాయో అక్కడల్లా రుద్దేశారు. ఎవరినీ తప్పుపట్టలేను. మా మిషన్ పిడి కింది చుక్కలను గంగాధర్ ఎడమచేత్తో రుద్దాడు. నలభై నిమిషాలు పట్టింది. నేను సాయం చేయలేదు, ఆపనూ లేదు. ఇరవై మూడేళ్లు, ఇరవై నాలుగేళ్లు ఆ మనిషి చేసిన పని అంతా ఉన్నచోటే ఉంది, విరగకుండా ఉంది. అది ఆయనదని చెప్పేది మాత్రం పొడి అయి రాలిపోయింది.

ఆయన ముందుకు వెళ్లడానికి నాకు పద్నాలుగు నెలలకు రెండు రోజులు తక్కువ పట్టింది. 1990 మే 10. అది కూడా గురువారమే. ఆయన వాకిట్లో నులక మంచం మీద కూర్చుని ఉన్నాడు. చేతులు ఒడిలో పెట్టుకున్నాడు, ఎవరివో తెచ్చి అక్కడ పెట్టినట్టు. నేను మొత్తం చెప్పాను. మల్లేశం అన్నది, నేను అన్నది, ఠాణా ఎదుట నిలబడింది, అన్నీ గంటలతో సహా. ఆయన మధ్యలో ఆపలేదు.

"నీ అతుకు నాకు తెల్వదా? ఎడమ దిక్కు పోస్తవు" అన్నాడు.

"మరి నా పేరు ఎందుకు చెప్పలేదు కాకా? నన్ను కాపాడాలని..."

"నిన్ను నేనేం కాపాడలే." గొంతు పెద్దది చేయలేదు. "అబద్ధం ఆడలే, గంతే. గుర్తు నాది. నా గుర్తున్న అతుకు మీద ఎవలు అడిగినా జవాబు నాదే. నువ్వు పెట్టినవా, నేను పెట్టిన్నా, గది తర్వాత ముచ్చట."

నేను ఏడ్చాను. ఆయన నా ఏడుపు అయ్యేదాకా ఆగాడు.

"ఎన్నోది గది?"

"డెబ్బై ఒకటి."

"నూరు కాలే" అన్నాడు. ఆ మాట అన్నప్పుడు ఆయన మొహంలో చూసినది నేను చెరిపేసుకోలేను. దెబ్బలు తిన్నందుకు కాదు, చేతులు పోయినందుకు కాదు, నూరు కాకముందే ఆయన గుర్తు వాడినందుకు ఆయనకు నా మీద కోపం. అది తీరే కోపం కాదు. నేను క్షమించమని అడగడానికి వెళ్లాను. అడగడానికి అక్కడ చోటు లేదు.

నేను లేచేముందు ఆయన నేల వైపు చూస్తూ అడిగాడు. "పెట్టె ఇరగలే గదా?"

"ఇరగలే కాకా. గునపంతోని కూడా రాలేదంట. రేకు కోసి తీసిండ్రంట."

తల ఊపాడు. ఆయనను చూడడం అదే చివరిసారి.

1991 సెప్టెంబరు 3, మంగళవారం ఆయన పోయాడు. నాకు తొమ్మిది రోజుల తరువాత తెలిసింది.

నేను పని మానలేదు. మానితే పిల్లలు తినేదేమీ లేదు. 2010 దాకా చేశాను. ఇంటి కరెంటుకు తగ్గ మిషన్, రాగి తీగ, ముందు అద్దం, మూడు రాడ్లకు ఒక చాయ్. ఆయన చెప్పినవన్నీ పాటించాను. ఆ మిషన్ ఒక్కసారి కూడా కాలలేదు. ఎడమ దిక్కు ఒరగడం కూడా తగ్గిపోయింది. నూరు ఎప్పుడో దాటింది. పుస్తకంలో చివరి అంకె 1,846. నూటొక్కటోదాని మీద గుర్తు వేద్దామని రాడ్డు ఎత్తాను, దించాను. ఆ తరువాత ఎత్తలేదు. కనుక కోరుట్లలో ఎక్కడైనా నేను అతికినది ఈరోజు విరిగి ఎవరి వేళ్లైనా పోతే, వాళ్ల ఇంటి ఆడమనిషి ఆ ముక్కలు సంచిలో వేసుకుని దుకాణం దుకాణం తిరిగి ఎవరి పని అని అడగాలి. ఎవరూ చెప్పలేరు. మా ఆయన చెయ్యి తీసిన ఆ స్టాండు అతికినవాడికీ నాకూ తేడా ఎక్కడుందని వెతుకుతాను. ఇనుము కరిగించడంలో ఉంది. జవాబు చెప్పడంలో లేదు.

ఎదురు దుకాణంలో మళ్లీ రాడ్డు వెలిగించారు. గొంతు పట్టుకున్నట్టు వినబడుతోంది. మరీ దగ్గరగా పెట్టాడు. చెప్పాలనిపిస్తుంది. వెళ్లను.

పోయినవి ఇవి. గంగాధర్ వేళ్లు మూడు. మార్కండయ్య కాక చేతులు రెండు. ఆయన లోపల ఉన్న రోజులు పంతొమ్మిది. బయటికొచ్చి చేతులు లేకుండా బతికిన రోజులు తొమ్మిది వందల ఐదు. జీపు డ్రైవర్ మల్లేశం, ఒకడు, ఏమయ్యాడో తెలియదు. నేను నడవని అడుగులు ముప్పై నాలుగు. నాదని వేసుకోని గుర్తు ఒకటి. ఆయన చుక్కలు మొత్తం ఎన్ని ఉండేవో ఆయనకే తెలుసు. మిగిలినవి ఒక్కటీ లేవు.